గీత మీద ముక్కు

కెమెరా కొన్నంత మాత్రాన ఫొటో రాదు. గిన్నె కొంటే కూర వస్తుందా? మా సారిలంపి ఊరి బడిలో ప్రతి మంగళవారం సాయంత్రం కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి ముక్క ఇదే. వాళ్ళు బుద్ధిగా తలలూపుతారు. ఇంటికి వెళ్ళి ఇంకో లెన్సు కొంటారు. స్టూడియో మూసేసి ఈ క్లాసు మొదలుపెట్టినప్పటినుంచీ చెవిటివాడి ముందు శంఖం ఊదడం నాకు అలవాటైపోయింది.

సైమి మాత్రం లెన్సుల మాటే ఎత్తలేదు. పోయిన ఏడాది పందెం అయిన మర్నాడో ఆ మర్నాడో, మంచు బూట్లతోనే క్లాసులోకి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"టీచర్, నాకు అందమైన ఫొటోలు వద్దు. సాక్ష్యం కావాలి."

ఎందుకని నేను అడగలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిందే. మార్చి నెలాఖర్లో గడ్డకట్టిన మా సరస్సు మీద రెయిన్‌డీర్ పందెం జరుగుతుంది. జింక ముందు పరిగెడుతుంది, పగ్గం పట్టుకుని మనిషి కాళ్ళకి కట్టుకున్న స్కీల మీద దాని వెనక జారుతూ వస్తాడు. గెలిచిన ఒక్క జంట మాత్రమే మా ఊరి తరఫున ఉత్తరాన జరిగే పెద్ద పందేనికి వెళ్తుంది. అక్కడ గెలిచిన జింకకే ఆ ఏటి రాజు పట్టం కడతారు. సైమి కూతురు వెన్లకి ఆ పట్టమంటే ప్రాణం. ఆ పిల్ల జింక పేరు నోకి. నోకి అంటే మసి, పేరుకు తగ్గ రంగే. దాని పోటీదారు హెయ్మో గారి సలామా, అంటే మెరుపు. పాలలా తెల్లటి జింక, వరసగా గెలుస్తూ వస్తున్నది.

పోయిన ఏడాది నోకి, సలామా ఒక్కసారే గీత దాటాయి. గీతకి ఒక కొసన తీర్పరిగా నిలబడే ఉర్హో సలామా అన్నాడు, రెండో కొసన నిలబడే ఆల్మా నోకి అంది. ఇద్దరూ ఒక మాట మీదకి రాకపోతే ఫొటో చూడాలి, ఫొటో లేకపోతే మళ్ళీ పరిగెత్తించాలి. ఇదీ మా ఊరి కట్టుబాటు. ఫొటో ఎక్కడిది? ఆ చలికి ఊళ్ళో ప్రతి ఫోనూ చచ్చి ఊరుకుంది. సరే, మళ్ళీ పరుగన్నారు. నోకి సంగతి ఏమిటంటే, ఆ రోజు పని అయిపోయిందని అది ఒకసారి అనుకుంటే ఇక అంతే. బయలుదేరే గేటు దగ్గరే ముందుకాళ్ళు మడిచి మంచు మీద కూర్చుంది. సలామా ఒక్కతే నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళి గెలిచింది.

"నాది మెరుపు, మీది సోఫా," అన్నాడు హెయ్మో అందరి ముందూ. "తీసుకెళ్ళి టీవీ ముందు వేసుకోండి. కొనే ఖర్చు తప్పుతుంది."

ఆ తర్వాత ఏడాది పొడుగునా కొట్లో, పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద ఎక్కడ కనిపించినా వెన్లని "సోఫా ఎలా ఉందే?" అని పలకరించడమే. ఆ పిల్ల ఏడ్చింది. సైమి ఏడవలేదు, నా దగ్గరికి వచ్చింది.

"కెమెరా ఏదీ?" అన్నాను.

సంచిలోంచి తీసింది. తమ్ముడు వాడి వదిలేసిన పాత కెమెరా. ఒక మూల పగిలితే ఎవరో నల్లటేపు వేశారు. దానితోపాటు వచ్చిన మామూలు లెన్సే ఉంది. అద్దం మీద వేలిముద్రలు.

"ఇది చాలదా?"

"దీంతో రానిది ఆ ఖరీదైనవాటితోనూ రాదు. ముందు అద్దం తుడు. చొక్కా అంచుతో కాదు తల్లీ, ఆ మెత్తటి గుడ్డతో!"

సైమికి ఓపిక లేదు కానీ పట్టుదల ఉంది. ఆ రెంటికీ తేడా నాకు ఆవిడ వల్లే తెలిసింది. మొదటి నెలంతా నాతో పోట్లాడుతూనే నేర్చుకుంది. పరిగెత్తే జంతువు చెదరకుండా రావాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరిస్తే చాలు, అంతకంటే ఎక్కువసేపు తెరిచి ఉంచితే కాళ్ళు పొగలా వస్తాయని చెబితే, నమ్మక తన కుక్కని ఉసిగొల్పి పది రకాలుగా తీసి చూసుకుంది. మంచు విషయంలో అయితే మరీ గొడవ.

"నేను తెల్లటి మంచు తీస్తే ఇదేంటి టీచర్, బూడిద పోసినట్టుంది?"

"కెమెరాకి తెలుపంటే పడదు. లోకమంతా ఒక మోస్తరు బూడిదరంగులో ఉంటుందని దాని నమ్మకం. మంచు కనబడగానే, అమ్మో వెలుతురు ఎక్కువైపోయిందని హడలిపోయి బొమ్మని మురికి చేస్తుంది. అందుకే నువ్వు వెలుతురు మీటని ప్లస్ గుర్తు వైపు జరపాలి. ఒకటి, మహా అయితే ఒకటిన్నర."

"రెండు పెడితే ఇంకా తెల్లగా వస్తుందిగా?"

"వస్తుంది. సలామా మొహం ఆ తెలుపులో కలిసిపోయి, నీకు మిగిలేది ఒక్క నోకి. అప్పుడు హెయ్మో నిన్ను బతకనిస్తాడా?"

ఆ మాటతో ఒకటిన్నర దగ్గర ఆగింది.

అసలు పాఠం ఇవేవీ కాదు. పరిగెత్తేదాని వెంట కెమెరాని పరిగెత్తించకు అన్నది అసలు పాఠం. కొత్తవాళ్ళందరూ జంతువు వెనకాల లెన్సుని తిప్పుకుంటూ వెళ్తారు, గీత దగ్గరికి వచ్చేసరికి ఫోకస్ ఎక్కడో వెనకబడిపోతుంది. అది ఎక్కడికి వచ్చి తీరుతుందో మనకి తెలుసు కదా, ఫోకస్‌ని ముందే అక్కడ కూర్చోబెట్టాలి. గీత మధ్యన ఎవరినైనా నిలబెట్టి వాళ్ళ మీద ఫోకస్ చేసి, దానంతట అది మారకుండా మీట తిప్పేసి, లెన్సు మీద చిన్న టేపు ముక్క అంటించాలి. ఇక లోకం తలకిందులైనా అది కదలకూడదు.

నిలబడే చోటు కూడా అంతే ముఖ్యం. గీతకి రెండు కొసలా రెండు గుంజలు పాతుతారు. మనం ఎక్కడ నిలబడితే దగ్గరి గుంజ వెనక దూరపు గుంజ పూర్తిగా దాక్కుంటుందో, అక్కడ నిలబడాలి. ఒక్క అడుగు ఇటు జరిగినా, అటు జరిగినా బొమ్మ అబద్ధం చెబుతుంది. వెనకున్నది ముందున్నట్టు కనబడుతుంది.

సైమి ఇంటి గేటుకి ఎదురుగా, రోడ్డవతల ఒక కరెంటు స్తంభం ఉంది. గేటు గుంజనీ ఆ స్తంభాన్నీ ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని, చలికాలమంతా పోస్టు వ్యాను ముందు బంపర్ని ఫొటో తీసింది. వ్యాను అతను మొదట్లో, తను జోరుగా నడుపుతున్నానని ఫిర్యాదు చెయ్యడానికి తీస్తోందేమోనని భయపడి నత్తలా వచ్చేవాడు.

"మామూలుగా రావయ్యా! నువ్విలా పాకుతూ వస్తే నాకు పాఠం ఎలా వస్తుంది?" అని కేకలేసింది సైమి.

అప్పట్నుంచి అతనూ ఉత్సాహపడి దూసుకువచ్చేవాడట. ఫిబ్రవరి పోయేసరికి బంపర్ గుంజ మీద పడడం మామూలైంది, తప్పడం అరుదైంది.

పందెం రోజు ఎండ కాస్తోంది, చలి కోస్తోంది. సున్నాకి ఇరవై డిగ్రీల కింద. నేను నా కెమెరా తీసుకెళ్ళలేదు. నేర్చుకునేవాళ్ళ పక్కన మనం తీస్తూ కూర్చుంటే వాళ్ళు జింకని వదిలి మన చేతులు చూస్తారు. సైమి గీతకి ఇవతల తాడు వెనక, గుంజకి సూటిగా తన చోటు చూసుకుని బూటు మడమతో మంచులో గుంట చేసుకుంది. అవతలి వైపు చెక్కల మంచె మీద యార్కో ఉన్నాడు. హెయ్మో గారి అల్లుడు, పట్నంలో ఇంజనీరు. చెయ్యంత పొడుగు లెన్సు. ఈ ఏడు గీత ఫొటో తీసే బాధ్యత పందెం పెద్దలు అతనికే అప్పగించారు.

"హెయ్మో జింక గెలిచిందో లేదో హెయ్మో అల్లుడు చెబుతాడా?" అంది సైమి పళ్ళు నూరుతూ.

"కుర్రాడు మంచివాడే. నీ పని నువ్వు చూసుకో."

వడపోత కోసం పెట్టే మొదటి పరుగులో నోకి సునాయాసంగా గెలిచింది. సైమి మాత్రం ఓడిపోయింది. ఒక్కసారే నొక్కమని ఎంత చెప్పినా, భయంతో కెమెరాని వరస ఫొటోలకి తిప్పుకుని మీట నొక్కిపట్టుకుంది. టపటపా ఒకటే మోత. తీరా చూస్తే ఒకదాంట్లో నోకి ముక్కు గీతకి ఇంకా రెండడుగుల ఇవతలుంది, తర్వాతి దాంట్లో పొట్ట గీత మీద ఉంది. రెంటి మధ్యా ముక్కు ఎప్పుడు దాటిందో దేవుడికే తెలియాలి.

"పొట్టకి బహుమతి ఇచ్చేటట్టయితే నీకు ఎదురే లేదు," అన్నాను.

"వెన్ల మొహం కనబడింది టీచర్. చూడగానే వేలు బిగుసుకుపోయింది, వదల్లేకపోయాను."

"మొహం నీకెందుకు? ఆ కాసేపూ నీకు కూతురు లేదనుకో."

"ఎంత మాటన్నారు!"

"అన్నాను. ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య జింక నిలువెత్తు దూరం పరిగెడుతుంది. ఆ సందులోనే నీ కూతురి పందెం జారిపోతుంది. ఒకే నొక్కు. పోస్టు వ్యాను అనుకో, నొక్కు. జింకా లేదు, వెన్లా లేదు, బంపర్ వస్తోందంతే."

విసురుగా మీటని ఒక్క ఫొటోకి తిప్పింది. అలిగిందని తెలుస్తూనే ఉంది. అలిగితే అలిగింది, వేలు మాట వింటే చాలు.

ఇంతలో కాఫీ అన్నారు. మా ఊళ్ళో ఏ పనైనా కాఫీ కోసం ఆగుతుంది. సరస్సు పగిలి మునిగిపోతున్నా కప్పు ఖాళీ చేసే మునుగుతాం. ఆఖరి పరుగుకి ముందు జనమంతా గుడారంలో దూరారు. లోపల మంట, మంట మీద సాసేజీలు, పెద్ద మసి కెటిల్లో కాఫీ, తడిసిన ఉన్ని చేతితొడుగుల ఆవిరి. గుడారం గుమ్మంలో యార్కో కనబడ్డాడు. భుజాన ఆ పొడుగు లెన్సు వేలాడుతోంది.

"అబ్బాయ్, దాన్ని బయటే వదిలిరా. సంచిలో పెట్టి మూతి బిగించి తగిలించు," అన్నాను.

"ఇది వానకీ మంచుకీ తట్టుకునే రకం టీచరుగారూ. లోపలికి చుక్క నీరు పోదు."

"లోపలికి ఎవడన్నాడు? చల్లటి గాజుకి వేడిగాలి తగిలితే పైనే పడుతుంది చెమట. అది పట్టుకుని మళ్ళీ బయటికెళ్తే గడ్డకడుతుంది."

"బయట వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతే?"

"ఎత్తుకుపోయేవాడికి మాత్రం కాఫీ అక్కర్లేదా? వాడూ లోపలే ఉన్నాడు."

అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. నవ్వుతూనే లెన్సుతో సహా మంట పక్కన కూర్చున్నాడు. చెప్పడం వరకే నా వంతు.

సైమి తన కెమెరాని ప్లాస్టిక్ సంచిలో వేసి, గుడారం బయటి మేకుకి తగిలించి, బ్యాటరీ ఊడదీసి ఉన్ని చొక్కాలోకి తోసుకుంది. కెమెరా చలిలో, బ్యాటరీ చంకలో. ఇదీ మా క్లాసు మంత్రం. బ్యాటరీ చలికి నీరసపడిపోతుంది, ఒంటి వేడి తగిలితే మళ్ళీ ప్రాణం వస్తుంది.

ఆఖరి పరుగుకి గంట కొట్టారు. పరుగెత్తుకుంటూ చోటు దగ్గరికి వచ్చాం. సైమి కెమెరా తెరిచి చూసి పాలిపోయింది.

"బ్యాటరీ! బ్యాటరీ ఏదీ?"

కోటు జేబులు తడుముకుంది. ప్యాంటు జేబులు తడుముకుంది. టోపీలో కూడా చూసింది. "గుడారంలో పడిపోయుంటుంది, నేను వెళ్ళి..." అని కాలు తీసింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమనే మాట నేను బోలెడుసార్లు విన్నాను, కళ్ళారా చూడడం అదే మొదలు.

"ఎడమ చంక!" అని అరిచాను.

అవతల జింకలు గేట్లలోకి వచ్చేశాయి. సైమి మెడ దగ్గర చెయ్యి దూర్చి బ్యాటరీ బయటికి లాగింది. కెమెరా తలుపు తెరిచి తోసి, మూసి, మీట తిప్పింది. చిన్న దీపం వెలిగింది. టేపు ముక్క లెన్సు మీద చెక్కుచెదరకుండా ఉంది. బూటు గుంటలో నిలబడి, కన్ను ఆనించింది. ఊపిరి తగిలి వెనక గాజు మీద మంచు కట్టకుండా ముక్కునీ నోటినీ మఫ్లరుతో బిగించుకుంది.

"గుంజలు?" అన్నాను.

"ఒకటే కనిపిస్తోంది."

"అయితే ఇక నాతో మాట్లాడకు."

నాలుగు జింకలు. గేటు తెరవగానే ఒకటి కదలనని మొరాయించింది. ఇంకోటి రెండడుగులు వేసి, సాసేజీల వాసన పట్టుకుని, వెనకున్న మనిషిని ఈడ్చుకుంటూ గుడారం దారి పట్టింది. మిగిలినవి నోకి, సలామా. సరస్సు మలుపు తిరిగి రెండూ పక్కపక్కనే వస్తున్నాయి. గిట్టల కింది మంచు పిండిలా లేస్తోంది. వెన్ల మోకాళ్ళు మడిచి, నేలబారుగా వంగి, పగ్గం పట్టుకుని కేకలు పెడుతోంది. ఊరంతా కేకలు పెడుతోంది. "నోకీ! నోకీ!" అని నేనూ గొంతు చించుకున్నాను, అరవై దాటిన మనిషినన్న సిగ్గు కూడా లేకుండా. సైమి ఒక్కతే అరవలేదు. పక్కకి తిరగలేదు. కూతురు వచ్చే వైపు చూడలేదు. ఖాళీగా ఉన్న ఆ గీతనే చూస్తూ కొయ్యబొమ్మలా నిలబడింది.

రెండు జింకలూ ఒక్క గాలిలా మా ముందునుంచి వెళ్ళిపోయాయి. ఆ హోరులో ఒక చిన్న టిక్కు వినబడింది. ఒకటే టిక్కు.

"సలామా!" అన్నాడు ఉర్హో చెయ్యెత్తి.

"నోకి!" అంది ఆల్మా, తన చెయ్యి ఇంకా పైకెత్తి.

జనం గొల్లున నవ్వారు. హెయ్మో మాత్రం అప్పటికే చేతులు రుద్దుకుంటున్నాడు.

"దానికేముంది, మళ్ళీ పరిగెత్తిద్దాం! నా సలామా రెడీ. ఏం వెన్లా, నీ సోఫా ఏమంటుంది?"

అందరం అటు చూశాం. దూరంగా వెన్ల నోకి మెడ పట్టుకుని బతిమాలుతోంది. నోకి ఒక ముందుకాలు మడిచేసింది. రెండోది మడవబోతోంది. మళ్ళీ పరుగు అన్నారంటే వెన్ల కథ మళ్ళీ అక్కడికే వస్తుంది. ఈసారి ఆ పిల్ల తట్టుకోలేదు.

"ముందు ఫొటో చూద్దాం," అంది ఆల్మా.

యార్కో మంచె దిగి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతితొడుగుతో లెన్సుని రుద్దుతూనే ఉన్నాడు. రుద్దినకొద్దీ మంచు పేరుకుపోయింది. తెర మీద చూపిస్తే ఏముంది, పాలగ్లాసు అడుగునుంచి లోకాన్ని చూసినట్టుంది. జింకల మాట అటుంచి గుంజలే కనబడలేదు.

"తుడిచాననే అనుకున్నాను..." అన్నాడు నా వైపు చూడకుండా. పాపం, నేనూ ఏమీ అనలేదు. అనాలని నాలుక దురద పెట్టిందన్నది వేరే సంగతి.

"అయితే ఫొటో లేనట్టే," అన్నాడు హెయ్మో. "గేటు దగ్గరికి నడవండి!"

"ఉంది," అన్నాను.

సైమి ఇంకా ఆ గుంటలోనే ఉంది. కెమెరాని గుండెకి హత్తుకుంది. తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"చూడవేం?"

"భయంగా ఉంది టీచర్. సరిగ్గా నొక్కినప్పుడే కళ్ళ ముందు నల్లగా అయిపోయింది. నాకు ఏమీ కనబడలేదు."

"పిచ్చిదానా, ఈ పాత కెమెరాల్లో ఫొటో పడేటప్పుడు లోపలి అద్దం పైకి లేచి నీ కన్ను మూస్తుంది. నీకు కనబడలేదంటే దానికి కనబడిందన్నమాటే. చూపించు."

ఎండకి తెర మెరవకుండా ఆల్మా తన కోటు విప్పి కెమెరా మీద గొడుగులా పట్టింది. ఉర్హో, హెయ్మో, యార్కో, నేను దాని కింద తలలు దూర్చాం. సైమి బొమ్మని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

గీత. గీత మీద నల్లటి ముక్కు, దాని పక్కన తెల్లటి ముక్కు. మీసాల మీది మంచు రవ్వలతో సహా కనబడుతున్నాయి. నోకి ముక్కు గీత దాటి ఉంది. సలామా ముక్కు గీతకి ఇంకా జానెడు ఇవతలే ఉంది. కానీ దాని నోట్లోంచి బారెడు గులాబిరంగు నాలుక వేలాడుతూ, పరుగు ఊపుకి ముందుకి ఎగిరి, నోకిని కూడా దాటిపోయింది.

"ఓరి దేవుడా! నేను చూసింది నాలుకా?" అన్నాడు ఉర్హో.

"నాలుక మాత్రం జింకది కాదా?" అని లేచాడు హెయ్మో. "నా ఇంట్లోంచి తెచ్చి తగిలించానా?"

"ముందుగా గీత దాటాల్సింది ముక్కు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నావు ఈ పందెం," అంది ఆల్మా. "మీ ఇంట్లో మనుషులకీ జింకలకీ కూడా నాలుకే ముందు పరిగెడుతుంది. మేమేం చేసేది?"

కోటు బయట ఉన్నవాళ్ళకి మాటలు మాత్రం వినబడుతున్నాయి. నవ్వులు మొదలయ్యాయి. హెయ్మో మొహం కందగడ్డ అయింది.

"తీసిందెవరు? తల్లి! ఒక అడుగు పక్కకి జరిగి తీస్తే మా ముసలి కుక్క కూడా సలామాని గెలుస్తుంది. ఇలాంటి బొమ్మ నేను ఒప్పుకోను."

నవ్వులు ఆగిపోయాయి. అన్న మాటలో న్యాయం లేకపోలేదు. నేను నోరు తెరవబోయాను, కానీ సైమి నన్ను మోచేత్తో పక్కకి నెట్టేసింది. అంత గట్టిగా నెడుతుందని అనుకోలేదు.

"హెయ్మో, గుంజలు లెక్కపెట్టు," అంది.

"ఏ గుంజలు?"

"బొమ్మలో. ఎన్నున్నాయి?"

హెయ్మో కళ్ళు చికిలించి చూశాడు. "ఒకటి."

"పొద్దున్న నువ్వూ ఉర్హో కలిసి ఎన్ని పాతారు?"

"రెండు."

"మరి రెండోది ఏమైంది? కుక్క ఎత్తుకుపోయిందా?"

యార్కో చెయ్యి చాచి, సైమి చేతుల్లోంచి కెమెరాని జాగ్రత్తగా అందుకున్నాడు. గుంజ పై కొసనుంచి కింది కొస దాకా పెద్దది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ మనిషి అబద్ధం చెప్పదలుచుకుంటే అప్పుడే చెప్పి ఉండాలి.

"మావయ్యా, రెండోది దీని వెనకే ఉంది," అన్నాడు. "గీతకి సూటిగా, సూది మొనంత తేడా లేకుండా నిలబడితే తప్ప ఇలా రాదు. ఈవిడ ఎవరికి తల్లయినా సరే, ఫొటో నిజం. నోకి గెలిచింది."

తర్వాత తలెత్తి సైమిని అడిగాడు. "ఒక్క ఫొటోయేనా తీశారు? ఒక్కటేనా?"

"ఒక్కటే," అంది సైమి.

ఆల్మా కోటు తీసి గాల్లో తిప్పింది. ఉర్హో రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "నోకీ!" అని అరిచాడు. ఆ తర్వాత ఏం విన్నానో చెప్పలేను. టోపీలు ఎగిరాయి, ఎవరి కాఫీయో నా భుజం మీద ఒలికింది, ఏడాదంతా సోఫా సోఫా అన్న నోళ్ళన్నీ నోకి నోకి అన్నాయి. వెన్ల స్కీలు విప్పకుండానే పరుగెత్తబోయి బోర్లా పడి, లేచి, మళ్ళీ పడి, చివరికి మోకాళ్ళ మీదే వచ్చి తల్లి నడుముని చుట్టేసింది.

"అమ్మా, చూశావా? నేను రావడం చూశావా?"

"లేదే," అంది సైమి. "ఊరంతా చూసింది. నేను చూడలేదు." అప్పుడు ఏడ్చింది, ఏడాది బాకీ అంతా తీరేలా.

గెలిచినవాళ్ళ ఫొటో పందెం సంఘం గోడకి తగిలించడం మా రివాజు. అందరూ యార్కో వైపు చూశారు. అతని లెన్సు ఇంకా గడ్డకట్టే ఉంది. "సైమీ, నువ్వే తియ్యి," అన్నాడు ఉర్హో. సైమి కళ్ళు తుడుచుకుని ఒకసారి అందరినీ కలయజూసింది. నేరుగా హెయ్మో దగ్గరికి వెళ్ళి కెమెరా అతని చేతుల్లో పెట్టింది.

"నువ్వు తియ్యి. ఈ ఫొటోలో నేనూ ఉండాలి."

"నాకు రాదు."

"పోయినేడు నాకూ రాలేదు."

లెన్సు మీది టేపు పీకేసి, ఫోకస్ మీట మళ్ళీ మామూలుకి తిప్పింది. అతని బండ వేలిని మీట మీద పెట్టింది. నా క్లాసులో నేను కూడా అంత ఓపిగ్గా చెప్పను.

"సగం నొక్కి ఆగు. కీచుమంటుంది. ఊపిరి వదులు. అప్పుడు పూర్తిగా నొక్కు. ఒక్కసారే, వింటున్నావా?"

నోకి ఈలోగా రెండు కాళ్ళూ మడిచి తీరిగ్గా కూర్చుంది. దానికి ఒక పక్క వెన్ల, ఒక పక్క సైమి మంచులో కూలబడ్డారు. హెయ్మో నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి నొక్కాడు. సైమి లేచి వెళ్ళి తెర చూసింది. తనూ కూతురూ బాగానే పడ్డారు. నోకి మెడ ఉంది, చెవులు ఉన్నాయి. మొహం ముందు భాగం మాత్రం అంచు అవతలికి పోయింది.

"ముక్కేదయ్యా?"

"ముక్కు ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నాంగా," అన్నాడు హెయ్మో.

ముందు సైమే పగలబడి నవ్వింది. హెయ్మో ఆపుకుందామని చూశాడు కానీ వల్ల కాలేదు. "ఇటివ్వు, మళ్ళీ తీస్తా," అని తనే రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక్కి జరగమని ఎవరూ చెప్పలేదు. కొత్తవాళ్ళకి ఆ మాత్రం తట్టడానికి నా క్లాసులో నెల పడుతుంది.

ఆ రెండో ఫొటోయే ఇప్పుడు సంఘం గోడ మీద ఉంది. మంచు తెల్లగా ఉంది, ముక్కు నల్లగా ఉంది. వెన్ల రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి అరుస్తోంది. చలికాలమంతా కెమెరా వెనకే ఉండిపోయిన సైమి మాత్రం కెమెరా వైపు చూడడమే లేదు. నోరు తెరుచుకుని, కళ్ళార్పకుండా, కూతురి మొహాన్నే చూస్తోంది.